బీపీ చూసే చోటే బాధ కూడా అడగాలి
(ఆర్మూర్‌లో గిరిజన యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను తండాలో పుట్టి, నర్సు చదువు చదివి, చాలా ఏళ్లుగా దవాఖానల్లోనే పనిచేస్తున్నదాన్ని. చేతులు కడుక్కోండి, నీళ్లు కాచి తాగండి అని చెప్పి కూర్చోవచ్చు. అవి మీకు తెలుసు. దవాఖానలో ఎవరూ అడగని, మన ఇళ్లలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఈ రోజు దాని గురించి మాట్లాడతాను.

పసుపు తవ్వే కాలంలో మన ఆడవాళ్లు ఎట్లా బతుకుతారో మీకు చెప్పనక్కర్లేదు. చీకటితో లేచి ఆటో ఎక్కి, పొద్దంతా నడుం వంచి కొమ్ములు, మండలు వేరుచేసి, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి ముట్టించాలి. భర్త దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటాడు. ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరదు. అట్లాంటి తల్లి దవాఖానకు వచ్చి ఏం చెబుతుంది? "నాకు దిగులుగా ఉంది" అని చెప్పదు. తల బరువంటుంది. గుండె దడ, కాళ్లు గుంజుడు, కడుపుల మంట, నిద్ర పడుతలేదు అంటుంది. చీటీ మీద గ్యాస్ గోలీ, బలం గోలీ రాస్తారు. పది రోజులకు మళ్లీ వస్తుంది. ఈసారి ఆర్‌ఎంపీ దగ్గర ఒక సెలైన్ ఎక్కించుకుని వస్తుంది. ఆ తర్వాత భగత్ దగ్గరికి. కోడి పోతుంది, మేక పోతుంది, డబ్బు పోతుంది. అసలు రోగం పేరు మాత్రం ఎవరి నోటా రాదు.

ఆమె అబద్ధం చెప్పడం లేదు. దిగులు నిజంగానే ఒంట్లో నొప్పిగా వస్తుంది. తప్పు ఎక్కడుందంటే, ఒంటికి ఒక దవాఖాన, మనసుకు వేరే దవాఖాన అని మనం గోడ కట్టుకున్నాం. మనసు దవాఖాన అంటే పట్నంలో ఎర్రగడ్డ. "ఎర్రగడ్డకు పోయొచ్చిండు" అని ఒక్క మాట పడితే ఆ ఇంటి పిల్లకు సంబంధం రాదు. ఇక ఎవరు పోతారు?

ఈ గోడ పడగొట్టాలని ప్రయత్నించినవాళ్లు మన పక్కనే ఉన్నారు. మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. ఆ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో ఒక పద్ధతి పెట్టి చూశారు. ప్రతి రోగినీ బెంగళూరుకు రప్పించే బదులు పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. మామూలుగా వాడే మానసిక మందులు, మూర్ఛ మందులు అక్కడే అందేలా చూశారు. కష్టమైన కేసులు వస్తే జిల్లా బృందం చూసుకునేది. బళ్లారి నమూనా అని ఇప్పటికీ పుస్తకాల్లో రాసేది దాన్నే. దాన్ని చూసే కేంద్ర ప్రభుత్వం 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం తెచ్చింది. మొదట తీసుకున్న నాలుగు జిల్లాల్లో మన పొరుగు మెదక్ ఒకటి. అంటే ఈ ఆలోచన మన గడప దాకా వచ్చి దాదాపు ముప్పై ఏళ్లవుతోంది. గడప దాటి తండాలోకి వచ్చిందా అంటే, చేతులెత్తి చెప్పమంటే మీలో ఎంతమంది ఎత్తుతారు?

ఒక చోట వచ్చింది. ఆ సంగతి కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే అది గిరిజన పల్లెల్లో జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లాలో 30 ఎస్టీ గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పేరుతో పనిచేసింది. కొత్తగా దవాఖాన కట్టలేదు. పెద్ద డాక్టర్లను తెచ్చి కూర్చోబెట్టలేదు. ఊళ్లో ఉన్న ఆశ వర్కర్ల చేతికే ట్యాబ్ ఇచ్చారు. ఇల్లిల్లూ తిరిగి కొన్ని ప్రశ్నలు అడగమన్నారు. అంతకు ముందే ఊళ్లో ఈ జబ్బుల గురించి, వాటి చుట్టూ ఉన్న సిగ్గు గురించి ప్రచారం చేశారు. ఆశ వర్కర్లు 5,007 మందిని అడిగితే 238 మందికి దిగులో, ఆందోళనో ఉన్నట్టు తేలింది. వాళ్ల వివరాలు పీహెచ్‌సీ డాక్టరు ట్యాబ్‌లోకి వెళ్లేవి. ఏం చేయాలో డాక్టరుకు ఆ ట్యాబే మెట్టు మెట్టుగా చూపేది. రోగి మళ్లీ వెళ్లాడా, మందు మింగుతున్నాడా అని ఆశమ్మ వెళ్లి కనుక్కునేది.

అంతకు ముందు అట్లాంటివాళ్లలో మానసిక వైద్యం అందుకున్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు, 0.8 శాతం. ఆ పని తర్వాత అది 12.6 శాతమైంది. పన్నెండేనా అని మీకు అనిపించవచ్చు. నాకూ అది చాలా తక్కువే. కానీ సున్నాకు దగ్గరగా ఉన్నది పన్నెండు దాటడానికి కావలసింది ఒక ఆశమ్మ, ఒక ట్యాబ్, బెదరని ఒక డాక్టరు మాత్రమే అయితే, మిగతాది కూడా అందని ద్రాక్ష ఏమీ కాదు. తర్వాత ఇదే పని ఆంధ్రప్రదేశ్, హర్యానాల్లో 44 పీహెచ్‌సీల పరిధిలో ఇంకా పెద్దగా చేసి చూశారు.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి కూడా ఒక మాట. షుగర్‌తో పాటు దిగులు ఉన్నవాడు గోలీ మానేస్తాడు, తిండి పట్టించుకోడు, షుగర్ పెరుగుతుంది, పెరిగిందని ఇంకా దిగులు పడతాడు. మన దేశంలో నాలుగు షుగర్ క్లినిక్‌లలో, అందులో విశాఖపట్నం ఒకటి, 404 మందితో ఒక పరిశీలన జరిగింది. రెండు జబ్బులనూ ఒకే చోట, ఒకే మనిషి వెంటపడి చూసుకున్నారు. మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే వీళ్లలో ఎక్కువమందికి దిగులు తగ్గింది, షుగర్ వంటివి కూడా మెరుగుపడ్డాయి. 2020లో ఇది అచ్చయింది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మీ పల్లె దవాఖానలో ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఆశమ్మ ఒక ఫారం నింపుతుంది. సీబ్యాక్ ఫారం అంటారు. బీపీ, షుగర్, క్యాన్సర్ ప్రమాదం ఎంతుందో తెలుసుకోవడానికి. ఆ ఫారం చివర్లో రెండు ప్రశ్నలుంటాయి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? మనసు కుంగి, ఆశ లేనట్టు అనిపించిందా? ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. ఒక హద్దు దాటితే దవాఖానకు పంపాలి. అంటే మనసును అడగాలన్న నియమం ఇప్పటికే కాగితం మీద ఉంది. కానీ చాలా చోట్ల ఆ రెండు ప్రశ్నలు అడగకుండానే సున్నా, సున్నా అని వేసేస్తారు. ఆశమ్మనే తిట్టకండి. ఆమె నెత్తిన ఎన్ని ఫారాలున్నాయో నాకు తెలుసు. పైగా ఆ ప్రశ్న పుస్తకం తెలుగులో ఉంటుంది. గోర్ బోలీ తప్ప ఇంకో మాట సరిగా రాని యాడిని "ఆసక్తి తగ్గిందా" అని అడిగితే ఆమె ఏం చెప్పాలి?

ఇక కల్లు సంగతి. ఇది చెప్పకుండా నిజామాబాద్ జిల్లాలో ఆరోగ్యం గురించి మాట్లాడినట్టే కాదు. చెట్టు కల్లు గురించి కాదు నేను అనేది. క్లోరల్ హైడ్రేట్, డైజపామ్, అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లు. ఇవి నిద్రమందులు, మత్తుమందులు. రోజూ తాగే ఒంటికి అవి అలవాటైపోతాయి. ఒక్కసారిగా ఆగితే చేతులు వణుకుతాయి, నిద్ర ఉండదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు మన జిల్లాలో, పాలమూరులో ఎంతమంది ఇట్లా దవాఖానల పాలయ్యారో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. గుడుంబా, బ్రాందీ రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి మానినా అంతే. రెండు, మూడు రోజుల్లో ప్రాణం మీదికి రావచ్చు.

అందుకే సంఘం వాళ్లకు ఒక మాట గట్టిగా చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు. తండాలో మందు బంద్ అని తీర్మానం చేసి, తాగినవాడికి జరిమానా వేస్తున్నారు. మీ ఉద్దేశం మంచిదే. కానీ ఇరవై ఏళ్లుగా రోజూ తాగే మనిషిని ప్రమాణం చేయించి, గదిలో పెట్టి తాళం వేస్తే మూడో రోజు అతను గోడల మీద పురుగులు పాకుతున్నాయని అరుస్తాడు. దయ్యం పట్టిందని భగత్‌ను పిలుస్తారు. అది దయ్యం కాదు, మత్తు ఒంట్లోంచి దిగే బాధ. అతన్ని పండబెట్టాల్సింది దవాఖాన మంచం మీద. ఆర్మూర్ ఏరియా ఆసుపత్రికో, నిజామాబాద్ పెద్ద దవాఖానకో తీసుకుపోతే మందులిచ్చి కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు. కాబట్టి తీర్మానం తేదీ పెట్టే ముందు పీహెచ్‌సీ డాక్టరుతో కూర్చోండి. రోజూ తాగేవాళ్లు ఎవరెవరో ఇంటివాళ్లనే అడిగి తెలుసుకోండి. వాళ్ల పేర్లు మైకులో చదవకండి. మత్తు మానాలనుకునేవాళ్లకు 14446 అనే ఉచిత నంబరు కూడా ఉంది.

చట్టం ఏం చెబుతుందో కూడా మీలో చదువుకున్నవాళ్లు తెలుసుకోవాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వం నడిపే దవాఖానల్లో మానసిక వైద్యం పొందడం హక్కు అంటుంది. పీహెచ్‌సీ మొదలుకొని అన్ని స్థాయిల్లో మామూలు వైద్యంతో దీన్ని కలపాలని అంటుంది. కమ్యూనిటీ హెల్త్ సెంటరు, ఆపై దవాఖానల్లో అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి ఉచితంగా ఇవ్వాలి. కాబట్టి ఏరియా ఆసుపత్రిలో "బయట కొనుక్కోండి" అంటే మీరు మర్యాదగా చట్టం పేరు చెప్పి అడగవచ్చు, రాతపూర్వకంగా ఇవ్వమనవచ్చు. ఇంకొకటి. ప్రాణం తీసుకోబోయి బతికిన మనిషిని నేరస్తుడిలా చూడొద్దని కూడా ఈ చట్టమే చెబుతుంది. పోలీసు కేసు భయంతో పురుగుమందు తాగినవాడిని ఆలస్యంగా తీసుకొచ్చిన ఇళ్లను చూశాను. ఆ ఆలస్యమే మనిషిని తీసుకుపోతుంది. చేనుకు కొట్టే మందు డబ్బా ఇంట్లో చూరు కింద పెట్టకండి. పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచండి. చిన్న పనే, కానీ ఆ ఒక్క గడియ దాటితే చాలామంది బతుకుతారు.

మీ వయసు వాళ్ల సంగతీ అంతే. ఇంటర్ తప్పిన పిల్ల, హాస్టల్లో ఒంటరిగా ఉన్న పిల్లవాడు, ఉద్యోగం రాక నలుగురిలోకి రాని అన్న. వాళ్లకు టెలిమానస్ ఉంది. 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. పగలూ రాత్రీ ఎత్తుతారు, డబ్బులు అడగరు, తెలుగులో మాట్లాడతారు. గోర్ బోలీలో మాట్లాడరు, అది మనం అడగాల్సిన సంగతే. మీ స్నేహితుడు "ఇక బతకబుద్ధి కావడం లేదు" అంటే నవ్వులాటగా తీసుకోకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందని భయపడతారు, అట్లా పుట్టదు. పక్కన కూర్చుని ఆ నంబరుకు ఫోను కలిపి ఇవ్వండి.

చివరగా మీకు ఒక పని అప్పగిస్తాను. ఫారంలోని ఆ రెండు ప్రశ్నలను నేను గోర్ బోలీలోకి రాసి తెచ్చాను. నా మాట పట్నం మాటగా మారిపోయింది, మా అమ్మకే సగం అర్థం కాలేదు. ఈ కాగితం తలా ఒకటి తీసుకుపోండి. మీ తండాలో పసుపు కూలికి పోయే ఆడవాళ్లు దిగులు పడ్డప్పుడు ఏ మాట అంటారో వినండి. నా మాట కొట్టేసి ఆ మాట రాయండి. తండా పేరు పైన వేసి సంఘం ఆఫీసులో ఇవ్వండి. అన్నీ వచ్చాక ఆశమ్మలను, పల్లె దవాఖాన డాక్టర్లను ఇక్కడికే పిలుద్దాం. కాగితాలు అదిగో, ద్వారం పక్కన బల్ల మీద ఉన్నాయి.