చిగుళ్లనుండి అంగిలివఱకు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



శాస్త్రవిషయ మొకటి ముచ్చటింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. దూరపు వింతలతో పనిలేదు. మన యరుగుమీదనే కూర్చున్న విషయమును చెప్పెదను.

మా నాయనమ్మ చుట్ట కాల్చెడిది. నిప్పుకొన నోటిలోపల, చల్లని కొన వెలుపల. అట్లే వడ్లు దంచెడిది, మనుమల నెత్తుకొనెడిది, పొరుగువారితో తగవును ఆడెడిది. నిద్రకు ముందొక చుట్ట, లేచిన వెంటనే మఱియొకటి. దీనినే మనవారు అడ్డపొగ యందురు. తల నెరసినవారిలో ఈ దృశ్యము నెఱుగనివా రిచట నుండరు. ఏల యిట్లు కాల్చెదవని ఒకనాడు అడిగితిని. గాలికి ఆరదు, చాలసేపు వచ్చును, నుసి బిడ్డమీద పడదు అనెను. నాకు బదులు తోచలేదు.

ఈ చుట్టను గూర్చి మనకు తెలిసినదానిలో చాల భాగము, చిత్రముగా, డెన్మార్కు దేశపు చిగుళ్లతో సంబంధము గలది. యెన్స్ పిండ్‌బోర్గ్ అను దంతశాస్త్రజ్ఞుడు 1921లో జన్మించెను. ఆయన తన తొలి పరిశోధనలలో ఆ దేశపు నౌకాదళ సైనికుల నోళ్లు పరీక్షించి, పొగత్రాగువారిలో చిగుళ్లు పుండ్లుపడు వ్యాధియు, పండ్లపై గారయు అధికమని 1947లో ప్రకటించెను. పొగాకు చిగుళ్లలోని సన్నని రక్తనాళములను కుదించును. అందుచేత పొగత్రాగువాని చిగుళ్లు, లోపల చెడుచున్నను, తక్కువగా రక్తము కార్చును. రక్తము లేదు కావున రోగమును లేదని వాడు నమ్మును. మా నాయనమ్మయు అట్లే నమ్మెను.

పిండ్‌బోర్గ్ అటుపిమ్మట కోపెన్‌హాగెనులో ఆచార్యుడయ్యెను. దవడలో పుట్టు ఒక గడ్డకు ఆయన పేరే నిలిచినది. 1960 దశకమున భారతదేశమునకు వచ్చి, లక్నోలో 10,000 మంది నోళ్లను పరీక్షించిన పనిలో పాల్గొనెను. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతాగారితోడి సహకారము మన జిల్లా వఱకు సాగినది.

ఇక్కడ కొంచెము నిలువవలెను. ఆసుపత్రికి వచ్చువాడు రోగము ముదిరిన పిమ్మటనే వచ్చును. అలవాటు ఎందఱికున్నది, అందులో ఎందఱికి కీడు కలిగినది అను లెక్క ఆసుపత్రిలో తేలదు. కావున 1966-67లో పరిశోధకులు గ్రామములకే వచ్చి, ఇల్లిల్లు తిరిగి, ఆరోగ్యవంతుల నోళ్లను సైతము చూచిరి. ఎఱ్ణాకుళము, భావనగరము, సింగ్‌భూము, దర్భంగా, శ్రీకాకుళము: ఈ అయిదు జిల్లాలలో 50,000 పైచిలుకు జనులను పరీక్షించిరి. మన జిల్లాలో చూచినవారు 10,169 మంది. వారిలో 43.8 శాతము అడ్డపొగవారు. అందు స్త్రీలే అధికులు. ఫలితములు 1971లో ప్రకటింపబడెను.

లోకమున నోటి రాచపుండు, అనగా కాన్సరు, గట్టి అంగిలిపై పుట్టుట అరుదు. మనయొద్ద అది అచ్చటనే కనబడుచుండెను. కోస్తా ఆంధ్రలో దీనికి లోపలి నిప్పే కారణమని డి. జి. రెడ్డి, వి. కె. రావు గార్లు 1957లోనే వ్రాసిరి. నిప్పు వేడియు, పొగయు సూటిగా అంగిలిని తాకును. మొదట తెల్లని మందపుపొర, ఎఱ్ఱని మచ్చలు, కొందఱికి నలుపెక్కుట, మఱికొందఱికి సహజవర్ణము పోవుట, తరువాత పుండు. పనామా, కొలంబియా, ఫిలిప్పీన్సులలోను ఈ యలవాటు కలదని చదివినప్పుడు, మనమే వింతవారము కామని నాకు కొంత ఊరట కలిగినది!

పరిశోధకులు పదియేండ్లపాటు మరల మరల వచ్చి చూడగా, క్రొత్తగా కాన్సరు పుట్టినవారు దాదాపు అందఱును పొగాకు వాడువారే. పిదప శ్రీకాకుళము, ఎఱ్ణాకుళము, భావనగరములలో 36,000 మంది పొగాకు వాడువారికి మానుమని నచ్చజెప్పు ప్రయత్నము జరిగినది. దాని ఫలితములు 1986లో వెలువడెను. మానినవారిలో మచ్చలు వెనుకకు పోవుట కనబడెను. ఈ ముక్క మా యింట తెలిసియున్న బాగుండెడిది.

మా నాయనమ్మకు అంగిలిపై పుండు లేచినది. నొప్పి లేదు గదా యని నెలలు గడపెను. గంజి మ్రింగలేనినాడు పట్టణమునకు తీసికొని పోతిమి. 1974లో పోయినది. అంతకుముందు ఒక్కనాడైనను నోరు తెఱవుమని ఆమెను ఇంటిలో ఎవ్వరును అడుగలేదు. నేనును అడుగలేదు.

పిండ్‌బోర్గ్ 1995లో మరణించెను. అడ్డపొగ తగ్గినది గాని, మన పల్లెలలో పూర్తిగా పోలేదు. కార్యదర్శిగారితో మాటాడి, సభానంతరము పఠనమందిరమున ఒక దంతవైద్యుని కూర్చుండబెట్టితిమి. ఆయనయొద్ద టార్చిలైటు కలదు. అయిదు నిమిషముల పని, రుసుము లేదు. మొదట చూపించుకొనుటకు మా పిన్నమ్మ ఒప్పుకొన్నది. చుట్ట మాత్రము గుమ్మము బయట పెట్టి రమ్మంటిని. అందులకే యింకను సణుగుచున్నది.