రూపాయి బిళ్ళ వృత్తమేనా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బడిలోనే చదువుకున్న నేను ఇప్పుడు నాచారంలో ఒక చిన్న బడిలో ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెబుతున్నాను. ప్రాథమిక విద్య గురించి నాలుగు మాటలు మాట్లాడమని కార్యదర్శి గారు అడిగారు. అంత పెద్ద విషయం నా వల్ల కాదు. నాకు బాగా తెలిసింది ఒక చిన్న పాఠం, ఆకారాల పాఠం. అందులో నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం సంగతి. ఒకటో తరగతిలో నల్లబల్ల మీద వృత్తం, చతురస్రం, దీర్ఘచతురస్రం, త్రిభుజం గీశాను. రూపాయి బిళ్ళ వృత్తం, క్యారమ్ బోర్డు చతురస్రం, తలుపు దీర్ఘచతురస్రం, సమోసా త్రిభుజం అని చెప్పాను. మనమందరం ఇలాగే నేర్చుకున్నాం కదా! అప్పుడు ఒక పాప లేచి, “రూపాయి బిళ్ళ రాడ్డు ముక్క టీచర్” అంది. క్లాసంతా నవ్వింది. “కాదమ్మా, వృత్తం” అని కూర్చోబెట్టాను. పరీక్షలో జతపరచమంటే కూడా ఆ పాప రూపాయి బిళ్ళను వృత్తంతో కలపలేదు. ఎర్ర ఇంకుతో తప్పు పెట్టాను. ఆ తర్వాత ఆ పాప క్లాసులో చెయ్యెత్తడం మానేసింది. ఆ సంగతి నేను గమనించలేదు కూడా.

తల్లిదండ్రుల సమావేశానికి వాళ్ళ నాన్న వచ్చాడు. నాచారం పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద పని చేస్తాడు. “మా దగ్గరికి రౌండ్ బార్లు వస్తయి మేడం. కోస్తే బిళ్ళలు పడతయి. సెలవునాడు పాప షాపుకొస్తే వాటితోనే ఆడుకుంటది. రూపాయి కూడా అట్లనే అనుకుంది. తప్పయితే మీరే సరిదిద్దాలె” అన్నాడు. ఆయన ఫిర్యాదు చెయ్యడానికి రాలేదు. సంజాయిషీ చెప్పుకోవడానికి వచ్చాడు. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

ఆ రాత్రి ఇంట్లో పది రూపాయి బిళ్ళలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చాను. చిన్న స్తంభం తయారైంది. లెక్కల పుస్తకంలో దాన్నే స్థూపం అంటాం. పది బిళ్ళల దొంతర స్థూపమైతే అందులో ఒక్క బిళ్ళ కూడా స్థూపమే, కాకపోతే పొట్టి స్థూపం. మన పక్కనే చర్లపల్లిలో ఉన్న టంకశాలలో నాణేల బిళ్ళలను లోహపు రేకులోంచి కొట్టి తీస్తారు గానీ రాడ్డును కోసి కాదు. ఆ మాట ఒప్పుకుందాం. కానీ ఆకారం విషయంలో పాప చెప్పిందే సరైనది. వృత్తానికి మందం ఉండదు, దాన్ని చేత్తో పట్టుకోలేం. బిళ్ళ ముఖం మాత్రమే వృత్తం.

మర్నాడు క్లాసులో అందరి ముందూ బిళ్ళలు పేర్చి చూపించి, “ఈ పాప చెప్పిందే సరి, నేనే సరిగా వినలేదు” అన్నాను. పాప ఏమీ మాట్లాడలేదు. వారం తర్వాత మళ్ళీ చెయ్యెత్తింది.

అప్పటి నుంచి పాఠాన్ని తిరగేశాను. పిల్లల చేతికి అందే ప్రతి వస్తువూ ఘనాకారమే. చదును ఆకారం వస్తువు కాదు, వస్తువు మీదినుంచి మనసుతో విడదీసి చూడాల్సిన సంగతి. అది కష్టమైన పని. ఆ కష్టమైనదాన్ని మనం ముందు చెప్పి, చేతిలో ఉన్నదాన్ని పై తరగతులకు వాయిదా వేస్తున్నాం.

మొదటి వారం బల్ల మీద ఏమీ గీయను. ఒక గుడ్డ సంచిలో అగ్గిపెట్టె, గోలీ, పాచిక, సుద్దముక్క, నూలు కండె వేస్తాను. పిల్లలు చూడకుండా చెయ్యి పెట్టి తడిమి, ఏమిటో చెప్పాలి. తర్వాత ఒక పలకను వాలుగా పెట్టి మూడు ప్రశ్నలు అడుగుతాను. దొర్లుతుందా? జారుతుందా? ఒకదాని మీద ఒకటి పెడితే నిలుస్తుందా? గోలీ దొర్లుతుంది, నిలవదు. అగ్గిపెట్టె జారుతుంది, నిలుస్తుంది. సుద్దముక్కను పడుకోబెడితే దొర్లుతుంది, నిలబెడితే జారుతుంది. గోళం, దీర్ఘఘనం, స్థూపం అనే పేర్లు ఇంకా చెప్పకముందే వాటి స్వభావం పిల్లలకు తెలిసిపోతుంది.

ఇక్కడ మన తెలుగులో ఒక చిక్కుంది. బంతి గుండ్రం, చపాతీ గుండ్రం, గాజు గుండ్రం. మూడింటికీ ఒకటే మాట! అందుకే “ఎట్లా గుండ్రం?” అని తప్పకుండా అడుగుతాను. బంతిలాగానా, బిళ్ళలాగానా, గాజులాగానా? ఈ ఒక్క ప్రశ్నతో సగం పాఠం అయిపోతుంది. ‘డబ్బా’ అన్నా అంతే. పాలపొడి డబ్బా, చెప్పుల డబ్బా రెండూ డబ్బాలే మరి.

రెండో వారం అచ్చులు వేస్తాం. వస్తువు అడుగును రంగులో ముంచి కాగితం మీద అద్దుతాం. సుద్దముక్క నిలబెట్టి అద్దితే వృత్తం పడుతుంది. అగ్గిపెట్టెను మూడు వైపులా అద్దితే మూడు వేర్వేరు దీర్ఘచతురస్రాలు పడతాయి. పాచికను ఎటు అద్దినా ఒకే చతురస్రం. గోలీని అద్దితే చిన్న చుక్క తప్ప ఏమీ పడదు. ఎందుకు పడలేదని పిల్లలే అడుగుతారు. బెండకాయను అడ్డంగా కోసి అద్దితే పువ్వు పడుతుంది, ఆ రోజు ఇక వేరే పాఠం జరగదు.

మూడో వారం పాత అట్టపెట్టెను విప్పుతాం. అంచులు కోసి పరిస్తే నేల మీద చదునుగా పడుకుంటుంది. మళ్ళీ మడిస్తే పెట్టె. 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు పిల్లలే వేలితో లెక్కపెడతారు. తర్వాత బత్తాయి తొక్క ఒలిచి చదునుగా పరవమంటాను. ఎంత నొక్కినా చిరుగుతుందే తప్ప పరచుకోదు. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది కదా, అక్కడ పటాలు గీయడం నేర్చుకునేవాళ్ళకు ఎదురయ్యే చిక్కు కూడా ఇదే. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీదికి తేవాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. ఒకటో తరగతి పిల్లలకు ఈ మాటలు చెప్పను. చిరిగిన తొక్క చూపిస్తాను. మిగతాది వాళ్ళకు ఏదో ఒకరోజు గుర్తొస్తుంది.

ఇందులో నా గొప్పేమీ లేదు. కిండర్‌గార్టెన్‌కు ఆద్యుడైన జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ 1837లోనే తన బడి మొదలుపెట్టాడు. పిల్లలకు ముందు ఊలు బంతి ఇచ్చాడు. తర్వాత కొయ్య గోళం, ఘనం, స్థూపం. చదును బిళ్ళలు ఆ తర్వాతే, వాటి వెనక పుల్లలు. అంతదూరం ఎందుకు, మన బతుకమ్మను చూడండి. తాంబాళంలో తంగేడు, గునుగు పూలు వలయం మీద వలయంగా, పైకి పోయేకొద్దీ చిన్నదిగా పేరుస్తాం. అమ్మ పక్కన కూర్చుని పూలు అందించే పిల్లకు, వృత్తాలను పేరిస్తే శంఖువు ఎలా వస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. మనం చెయ్యాల్సింది ఆ పిల్లకు తెలిసినదాన్ని బడిలోకి రానివ్వడమే.

అందుకే ఇంటిపని కూడా వీధిలోనే ఇస్తాను. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఏ ఆకారాలు చూశావు? ట్రాఫిక్ పోలీసులు పెట్టే శంఖువులు, మేడల మీది నల్ల నీళ్ళ ట్యాంకులు, మెట్రో పెట్టెలు. ఒకడు “గ్యాస్ సిలిండర్ సరైన స్థూపం కాదు టీచర్, పైనా కిందా ఉబ్బింది” అన్నాడు. ఈసారి వాణ్ణి కూర్చోబెట్టలేదు. బల్ల దగ్గరికి పిలిచి గీయమన్నాను.

చివరగా ఒక మనవి. స్వర్ణోత్సవ గుర్తుగా చిన్న తరగతులకు పెద్ద తెరలు కొనిద్దామని మన సంఘం ఆలోచిస్తోందని విన్నాను. మంచిదే. కానీ తెర మీద గోళం కూడా చదునుగానే ఉంటుంది. మనలో చాలామందికి నాచారంలో, మల్లాపూర్‌లో, ఉప్పల్‌లో యూనిట్లున్నాయి. మీ దగ్గర మిగిలిపోయే రౌండ్ బార్ ముక్కలు, పైపు ముక్కలు, చెక్క దిమ్మలు, అట్టపెట్టెలు పంపండి. అంచులు మాత్రం చేతికి గీసుకోకుండా సానపట్టించండి. తరగతికో పెట్టె చాలు, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ఆ పెట్టెలో మొదటి బిళ్ళ ఇప్పటికే వచ్చింది. ఆ పాప వాళ్ళ నాన్న కోసిచ్చాడు. అదిగో, బల్ల మీద పెట్టాను. వెళ్ళేటప్పుడు ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి.