టమోటా మీద చివరి మందు ఎప్పుడు?

బైరెడ్డిపల్లెలో కోసిన టమోటా మదనపల్లె మార్కెట్టుకు చేరేసరికి దానిలో మందు ఎంత మిగలొచ్చు? ఆ హద్దు గీసేది, 2006 చట్టం కింద ఏర్పడిన కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ. పొలాల్లో సిఫారసు మోతాదులో మందు కొట్టి, రోజులు గడిచేకొద్దీ కాయలో ఎంత మిగిలిందో కొలుస్తారు. జీవితాంతం రోజూ తిన్నా హాని చేయని మోతాదుతో పోల్చి చూస్తారు. విడిగా పరిమితి పెట్టని మందుకు సాధారణంగా కిలోకు 0.01 మిల్లీగ్రామే. అంటే పది టన్నుల లారీలు పదింటిలో కలిపి ఒక్క గ్రాము! చివరిసారి కొట్టాక ఎన్నాళ్లు ఆగి కోయాలో మందుతో వచ్చే కాగితంలో ఉంటుంది. ధర ఎగిరిన పొద్దున ఆ కాగితం చదివే ఓపిక ఎవరికుంటుంది, చెప్పండి? మోనోక్రోటోఫాస్‌ అనే పురుగుమందుకైతే ఆగే లెక్కే లేదు. కూరగాయల మీద దాన్ని 2005లోనే నిషేధించారు.