ఒక దీర్ఘంతో ప్రశ్న
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఎలక్ట్రికల్ ఇంజినీర్ని. సబ్‌స్టేషన్ల గురించి మాట్లాడతాడేమోనని భయపడుతున్నవారు నిశ్చింతగా ఉండవచ్చు. మా అమ్మాయి భాషాశాస్త్రం చదివి ఇంట్లో వదిలేసిన పుస్తకాల వల్ల నాకొక పిచ్చి పట్టుకుంది. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నను మనం ఎలా తయారుచేస్తాం అన్నది.

తెలుగులో ఒక దీర్ఘం చాలు. "వచ్చాడు", "వచ్చాడా?" ఇంగ్లీషులో మాట కదలాలి. "హి ఈజ్ కమింగ్"లోని ఈజ్ ముందుకొచ్చి "ఈజ్ హి కమింగ్?" అవుతుంది. మన పిల్లవాడు "హి ఈజ్ కమింగా?" అంటే క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వుకు జడిసి కొందరు అసలు అడగడమే మానేస్తారు. మా దగ్గర కొత్తగా చేరే కుర్రవాళ్ళలో ఇది చూస్తున్నాను. ఇంగ్లీషులో తప్పు పోతుందేమోనని మీటింగులో నోరు తెరవరు. హైటెన్షన్ లైను దగ్గర "సప్లై ఆపారా?" అని అడగకపోతే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

"డిడ్ హి కేమ్?" అన్న తప్పు తీసుకోండి. "డిడ్ తర్వాత కమ్ రాయాలి" అని బట్టీ పట్టాం కదా, ఎందుకో? 1957లో నోమ్ చోమ్‌స్కీ 'సింటాక్టిక్ స్ట్రక్చర్స్' అనే చిన్న పుస్తకంలో దీనికి కారణం చూపించాడు. "కేమ్"లో రెండున్నాయి: రావడం అనే క్రియ, జరిగిపోయిన కాలం. ప్రశ్న వేసేటప్పుడు కర్తను దాటి ముందుకు వచ్చేది కాలం. ఈజ్ లాంటి సహాయక క్రియ ఉంటే దాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. లేకపోతే ఒంటరిగా వస్తుంది, కానీ ఒంటరిగా నిలబడలేదు. దానికి ఆసరాగా "డు" వచ్చి "డిడ్" అవుతుంది. కాలం వెళ్ళిపోయాక వెనక మిగిలేది ఉత్త "కమ్". "డిడ్ హి కేమ్" అంటే ఒకే కాలాన్ని రెండుసార్లు లెక్క రాసినట్టు. ఈ ఒక్క ముక్క నాకు ఎనిమిదో తరగతిలో తెలిసి ఉంటే ఎంత బాగుండేదో!

సరే, వాక్యంలో రెండు ఈజ్‌లుంటే ఏది కదలాలి? "ది బాయ్ హూ ఈజ్ సింగింగ్ ఈజ్ టాల్." ఎడమ నుంచి మొదటిది కదిపితే "ఈజ్ ది బాయ్ హూ సింగింగ్ ఈజ్ టాల్?" అని అర్థంపర్థం లేనిది వస్తుంది. కదలాల్సింది ప్రధాన వాక్యంలోని ఈజ్. 1987లో క్రెయిన్, నకయామా అనే ఇద్దరు పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ళ ఇంగ్లీషు పిల్లలచేత ఒక బొమ్మను ఇలాంటి ప్రశ్నలు అడిగించారు. పిల్లలు వేరే తప్పులు చేశారు గానీ, ఈ తప్పు చేయలేదు. ఈ తెలివి పుట్టుకతో వచ్చిందని చోమ్‌స్కీ వాదన. ఒప్పుకోనివారూ ఉన్నారు. ఆ తగవు తీర్చడం నా వల్ల కాదు.

నాకు ముచ్చటేసిందేమంటే, మన దీర్ఘానికీ ఇదే పట్టింపు ఉంది. "నిన్న వచ్చిన అబ్బాయి మీ తమ్ముడు." దీన్ని "మీ తమ్ముడా?" అని అడగొచ్చు. "నిన్న వచ్చిన అబ్బాయా మీ తమ్ముడు?" అనీ అడగొచ్చు. కానీ దీర్ఘాన్ని లోపలి "వచ్చిన"కు తగిలిస్తే ప్రశ్న చచ్చిపోతుంది. "వచ్చినా" అంటే వచ్చినప్పటికీ అని ఇంకో అర్థం! అంటే పేరు ముందు తగిలించిన చిన్న వాక్యంలోకి ఇంగ్లీషు ప్రశ్నా దూరదు, తెలుగు ప్రశ్నా దూరదు.

పైగా మనకో వెసులుబాటుంది. "నువ్వు అన్నం తిన్నావా?" మామూలు ప్రశ్న. "అన్నమా నువ్వు తిన్నది?" అంటే అనుమానం అన్నం మీద. "నువ్వా అన్నం తిన్నది?" అంటే ఎవరి కంచమో ఖాళీ అయిందన్నమాట! "తిన్నావు" కాస్తా "తిన్నది" అయింది చూడండి. ఇంగ్లీషువాడు దీనికి "వాజ్ ఇట్ యు హూ..." అని చుట్టు తిరిగి రావాలి, లేదా గొంతు ఒత్తి పలకాలి.

ఇక్కడున్న ఇంగ్లీషు మాస్టార్లకు నా విన్నపం ఒకటే. "కమింగా" అన్న పిల్లవాడిని దిద్దే ముందు, వాడి దీర్ఘం ఏం పని చేస్తోందో బోర్డు మీద వాడిచేతే రాయించండి. ఆ పక్కనే ఇంగ్లీషులో ఆ పని ఏ మాట కదలడంతో జరుగుతుందో చూపించండి. హెడ్‌మాస్టరు గారు ఒప్పుకుంటే వచ్చే శనివారం ఎనిమిదో తరగతిలో ఒక పీరియడు నేనే తీసుకుంటాను. సుద్దముక్క, "డిడ్ హి కేమ్" చాలు నాకు.