హైడ్రోజన్ భారం 1.008 ఎందుకైంది?

కిందటి భాగంలో పరమాణు సంఖ్య, ద్రవ్యరాశి సంఖ్య గురించి చెప్పుకున్నాం. ఇవాళ ఐసోటోపుల గురించి. ఉదాహరణకి అన్నిటికన్నా తేలికైన మూలకాన్నే తీసుకుందాం.

హైడ్రోజన్ కేంద్రకంలో ఒకే ఒక్క ప్రోటాన్ ఉంటుంది. ఆ సంఖ్య మారితే అది హైడ్రోజనే కాదు. న్యూట్రాన్ల సంఖ్య మాత్రం మారొచ్చు. న్యూట్రాన్ లేనిది ప్రోటియం, ఒకటుంటే డ్యూటీరియం, రెండుంటే ట్రిటియం. ఒక్క న్యూట్రాన్ చేరితే చాలు, ఇక్కడ బరువు దాదాపు రెట్టింపవుతుంది. అందుకే వీటికి విడివిడిగా పేర్లు పెట్టుకున్నారు.

మరి ప్రకృతిలో ఏది ఎంత ఉంది? సముద్రపు నీటిని ప్రమాణంగా తీసుకుంటే, సుమారు 6,420 హైడ్రోజన్ పరమాణువుల్లో ఒకటి డ్యూటీరియం. అంటే 0.0156 శాతం. మిగతాదంతా ప్రోటియమే. ట్రిటియం లెక్కకి అందదు. కాస్మిక్ కిరణాల వల్ల పై వాతావరణంలో కొద్దికొద్దిగా పుడుతూ ఉంటుంది, 12.3 ఏళ్ళకి సగం తరిగిపోతుంది.

0.0156 శాతం ఎంత తక్కువో చూడండి. నీటిలో ఉన్న డ్యూటీరియం మొత్తం వదలకుండా తీసినా, ఒక కిలో భారజలం కావాలంటే దాదాపు 6 టన్నుల నీళ్ళు కావాలి. మన గోదావరి పక్కన మణుగూరులో ఉన్న భారజల కర్మాగారం చేసే పని ఈ ఏరివేతే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. హైడ్రోజన్ పరమాణు భారం 1 కాకుండా 1.008 ఎందుకైంది అనడిగితే, చాలామంది పిల్లలు "డ్యూటీరియం కలవడం వల్ల సార్" అని ఠక్కున చెప్పేస్తారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ నేనేమంటానంటే, ఒకసారి లెక్క వేసి చూడండి.

ప్రోటియం భారం సరిగ్గా 1, డ్యూటీరియం సరిగ్గా 2 అనుకుందాం. 6,420 పరమాణువుల్లో 6,419 ప్రోటియం, ఒకటి డ్యూటీరియం. మొత్తం భారం 6,421. దీన్ని 6,420తో భాగిస్తే 1.000156 వస్తుంది. మనకి కావలసింది 1.008! అది రావాలంటే డ్యూటీరియం ఇప్పుడున్నదానికి యాభై రెట్లు ఉండాలి.

అయితే ఆ 0.008 ఎక్కడిది? ప్రోటియందే. డ్యూటీరియం బొత్తిగా లేకపోయినా ప్రోటియం భారం 1.007825. ఎందుకంటే మన కొలబద్ద కార్బన్-12. దాని భారం సరిగ్గా 12 అని పెట్టుకున్నాం. దాని కేంద్రకంలో ఆరు ప్రోటాన్లు, ఆరు న్యూట్రాన్లు ఒకటిగా కట్టుబడినప్పుడు కొంత శక్తి బయటికి పోయింది, ఆ మేరకు ద్రవ్యరాశి తగ్గింది. ఒంటరిగా ఉన్న హైడ్రోజన్ ప్రోటాన్ ఏమీ పోగొట్టుకోలేదు. అందుకే తగ్గినదానితో కొలిస్తే ఇది ఒకటికన్నా కాస్త ఎక్కువ తూగుతుంది. దీనికి డ్యూటీరియం వాటా కలిపితే 1.00798. సవరిస్తే 1.008.

అదే క్లోరిన్ విషయంలో "ఐసోటోపుల వల్ల" అన్న జవాబు సరైనదే. క్లోరిన్-35 సుమారు 76 శాతం, క్లోరిన్-37 సుమారు 24 శాతం. సగటు ఎంతొస్తుందో మీరే కట్టి చూడండి. జవాబు బట్టీ పట్టే ముందు ఇలా ఒక్క భాగహారం చేస్తే చాలు, ఏ మాట నిలబడుతుందో తెలిసిపోతుంది.

వచ్చే భాగంలో భారజలం గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు.