గభార్‌లో ఇల్లు కట్టరు

(ఉద్యోగుల, విశ్రాంత ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

రిటైరైన బ్యాంకు వాణ్ణి ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకటే: ‘ఎక్కడ సెటిలవుతున్నారు?’ రెండేళ్లుగా నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ జవాబు కోసం నేను పడ్డ తంటాలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. మీలో చాలామందికి ఈ ప్రశ్న ఇవాళో రేపో వస్తుంది కాబట్టి ఒప్పుకున్నాను.

మాది దివిసీమ, కోడూరు దగ్గర పల్లె. ఉద్యోగంలో రెండు విడతలుగా, మొత్తం పదకొండేళ్లు బస్తర్‌లో చేశాను. మొదటిసారి ఫీల్డ్ ఆఫీసరుగా, రెండోసారి మేనేజరుగా, రెండుసార్లూ జగదల్‌పూర్ కేంద్రంగానే. మా ఆవిడ అక్కడి స్కూల్లో టీచరుగా చేసింది. రిటైర్మెంటు దగ్గరపడ్డాక మా ముందు మూడు దారులున్నాయి. ఊళ్లో నాన్నగారి ఇల్లు, విశాఖలో అమ్మాయికి దగ్గర్లో ఫ్లాట్, లేదంటే జగదల్‌పూర్. మా బావమరిది ‘అడవిలో ఏముంది బావగారూ’ అన్నాడు. మా అబ్బాయి ఫోనులో మ్యాపు తీసి చూపించాడు. ‘నాన్నా, జగదల్‌పూర్ రెండో భూకంప జోన్‌లో ఉంది, అంటే అన్నిటికన్నా తక్కువ ప్రమాదం. సముద్రం లేదు, తుపాను తీరం దాటి అక్కడికొచ్చేసరికి బలం తగ్గిపోతుంది. ఇంకేం కావాలి?’ అన్నాడు.

బస్తర్ అనగానే మీకు గుర్తొచ్చే ఇంకో భయం ఉంది. ఇవాళ్టి విషయం ప్రకృతి గనక ఆ ఊసు పక్కన పెడుతున్నాను.

అబ్బాయి చెప్పింది తప్పు కాదు. కానీ మ్యాపులో రంగు చూసి ఊరు ఎంచుకుంటే ఏమవుతుందో మన పక్క రాష్ట్రంలోనే జరిగింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, వినాయక నిమజ్జనం చేసి వచ్చి జనం నిద్రపోతుండగా, మహారాష్ట్రలో లాతూర్ జిల్లా కిల్లారి దగ్గర భూమి కదిలింది. వేలమంది పోయారు. ఆ ప్రాంతం అప్పటి మ్యాపులో మొదటి జోన్‌లో ఉండేది, అంటే దేశంలోనే అత్యంత సురక్షితమని లెక్క. ఆ నమ్మకంతోనే ఎవరూ జాగ్రత్త పడలేదు. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, పైన బరువైన కప్పులు. జనాన్ని చంపింది ఆ గోడలే. 2002లో మ్యాపు సవరించినప్పుడు మొదటి జోన్ అనేదే లేకుండా చేశారు. మొన్న 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు జగదల్‌పూర్‌లోనూ తెలిసింది. నష్టమేమీ లేదు. అయినా ఆ రోజు నుంచి నేను ‘రెండో జోన్’ అనే మాటని, పిల్లాడి ప్రోగ్రెస్ కార్డులో ‘సత్ప్రవర్తన’ అని రాసిన మాటలాగే తీసుకుంటున్నాను.

ఇక అసలు కథ. 2025 మార్చిలో, ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాననగా, జగదల్‌పూర్ శివార్లలో ఒక లేఅవుట్‌లో స్థలం చూశాను. బస్తర్ షెడ్యూల్డ్ ప్రాంతం. ఆదివాసీల భూమి ఇతరులు కొనడానికి వీల్లేదు. అందుకే మనబోటి వాళ్లు కొనగలిగే స్థలాలు కొద్దిగానే ఉంటాయి, దొరికినప్పుడు ఆత్రం పుడుతుంది. నేను చూసిన స్థలం పత్రాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. బి-1, ఖస్రా, నక్షా, డైవర్షన్ ఆర్డరు అన్నీ చూశాను. నలభై అడుగుల రోడ్డు, తూర్పు ముఖం. మార్చిలో నేల గచ్చులా ఉంది. యాభై వేలు బయానా ఇచ్చేశాను.

మా బ్రాంచిలో పనిచేసి రిటైరైన అటెండరు ఒకాయన ఉన్నాడు, హల్బీ మాట్లాడే మనిషి. ఊరికే చూపిద్దామని తీసుకెళ్లాను. ఆయన నడుచుకుంటూ మధ్యదాకా వెళ్లి, చెప్పులు విడిచి, కాసేపు నిలబడి, ‘సాబ్, ఇది గభార్ కదా’ అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఎందుకో చెబుతాను.

బస్తర్ రైతు భూమిని నాలుగు పేర్లతో పిలుస్తాడు. అన్నిటికన్నా ఎత్తున ఉండే పైమెట్ట మరహాన్, దాని కింద టికరా, మధ్యస్థంగా ఉండేది మాల్, అడుగున నీళ్లు నిలిచే పల్లం గభార్. మరహాన్‌లో ఉలవలు, సామలు, వలిసెలు. గభార్‌లో ఎక్కువ రోజులు పట్టే వరి. పంట రుణం దరఖాస్తు రాయాలంటే ఈ తేడా తెలియాలి. గభార్ ఉన్న రైతుకి ధైర్యంగా అప్పిచ్చేవాళ్లం, వాన ఓ వారం మొహం చాటేసినా అక్కడ పంట నిలుస్తుంది కాబట్టి. ఎన్ని ఫైళ్ల మీద ఆ మాట నా చేత్తో రాశానో లెక్కలేదు. ఆ రైతుల ఇళ్లకి వెళ్లినప్పుడు ఇల్లూ పెరడూ ఎప్పుడూ ఎత్తు మీదే ఉండేవి. గభార్‌లో ఇల్లు కట్టుకున్న మనిషిని నేను ఒక్కణ్ణీ చూడలేదు. వరికి బంగారం లాంటి నేల, మనిషి కాపురానికి పనికిరాదు. ఇన్నేళ్లు అప్పుల కోసం అడిగిన ప్రశ్న నా సొంత ఇంటికొచ్చేసరికి అడగలేదు. ఎందుకంటే ఆ నేల మీద ఇప్పుడు వరి లేదు, సిమెంటు హద్దురాళ్లున్నాయి.

‘వానాకాలం చూసి అప్పుడు కొనండి సాబ్’ అన్నాడాయన. బేరం చేసినవాళ్లు ఆగమంటే బయానా తిరిగి రాదన్నారు. రాలేదు కూడా. ఇంట్లో రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ ఆగస్టు చివరి వారంలో బస్తర్, దంతెవాడ, సుక్మా, బీజాపుర్ జిల్లాల్లో కురిసిన వాన సంగతి మీరు వార్తల్లో చూసే ఉంటారు. వంతెనలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. వాన తగ్గిన మర్నాడు ఆ అటెండరే ఫోను చేసి వీడియో చూపించాడు. నా తూర్పు ముఖం స్థలంలో హద్దురాళ్లు కనబడటం లేదు. పక్క వీధిలో, పది అడుగులు ఎత్తున ఉన్న ఇళ్ల ముందు మాత్రం ఆడవాళ్లు ముగ్గులు పెట్టుకుంటున్నారు.

అప్పుడు నాకర్థమైంది, ‘ఏ ఊరు మంచిది’ అన్న నా ప్రశ్నే తప్పని. ఒకే ఊళ్లో రెండు వీధుల మధ్య ఉన్న తేడా, ఒక్కోసారి రెండు రాష్ట్రాల మధ్య కూడా ఉండదు. హౌసింగ్ లోన్ ఫైల్లో మనం 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. 30 ఏళ్లలో నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో అడగం. లాయరు ఒపీనియన్‌లో ఆ గడే లేదు.

నీళ్ల సంగతిలో ఇంకో చిక్కుంది. మన దగ్గర వాన పడకపోయినా మునగొచ్చు. జగదల్‌పూర్ నుంచి సుక్మా మీదుగా కిందికి దిగితే కోంటా వస్తుంది. మనవాళ్లు కుంట అంటారు. సగం ఊరు తెలుగే మాట్లాడుతుంది. పక్కనే శబరి నది. సీలేరు కూడా అక్కడికి దగ్గర్లోనే శబరిలో కలుస్తుంది. ఆ శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలవాలి. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరికి దారి దొరకదు. పెళ్లిపందిట్లో ద్వారం దగ్గర జనం ఆగిపోతే వెనకవాళ్లు వీధిలో నిలబడిపోయినట్టు, శబరి నీళ్లు వెనక్కి ఎగదన్ని కోంటా మీదికొస్తాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు. ఆ రెండుసార్లూ శబరి ఒడ్డు ఊళ్లు మునిగాయి. మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ కురిసిన వాన ఛత్తీస్‌గఢ్‌లో ఇంట్లోకి వస్తుందన్నమాట. పోలవరం వెనక నీరు అక్కడ ఎంతమేర వస్తుందన్నది రాష్ట్రాల మధ్య ఇంకా తేలని వాదన. కోంటాలో ఇల్లు చవగ్గా వస్తోందని మా మిత్రుడొకడు సంబరపడితే, ముందు పాత ఇళ్ల గోడల మీద 86 నాటి మరక ఎక్కడుందో అడగమన్నాను. అతను అడిగాడు, తర్వాత ఆ మాట ఎత్తలేదు.

అయితే గోదావరి ఒక మేలు చేస్తుంది, చెప్పి వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. సామాను సర్దుకోవడానికి, ముసలివాళ్లని తరలించడానికి వ్యవధి దొరుకుతుంది. ఈ వ్యవధి విలువ మా ఇంట్లో అందరికన్నా మా అమ్మకే తెలుసు.

1977 నవంబరు 19. నాకప్పుడు పన్నెండేళ్లు. ఉప్పెన వచ్చిన ఆ రోజు మా ఊళ్లో మేడ ఉన్నది ఒక్క ఇంటికే. అందులోకి చేరినవాళ్లం మిగిలాం. మా పెద్దమ్మ కుటుంబం చేరలేదు. దివిసీమలోనూ చుట్టుపక్కలా మొత్తం పదివేల మంది పోయారని ప్రభుత్వ లెక్క, ఇంకా ఎక్కువేనని మా వాళ్లంటారు. మా అమ్మకిప్పుడు ఎనభై నాలుగు. ఏ ఇంటికి వెళ్లినా, మంచినీళ్లు తాగకముందే, మేడమెట్లు ఎక్కడున్నాయో చూస్తుంది.

కానీ అదే కృష్ణా తీరానికి 1990 మే 9న మళ్లీ పెద్ద తుపాను వచ్చింది. గాలి తక్కువేం కాదు. ఈసారి లక్షలమందిని ముందే ఖాళీ చేయించారు. పోయినవాళ్లు వెయ్యిలోపు. అదే సముద్రం, అవే ఊళ్లు, పదమూడేళ్ల తేడా. మధ్యలో వచ్చి చేరినవి తుపాను షెల్టర్లు, రాడార్లు, ఇంటింటికీ వచ్చి లేవదీసే మనుషులు. కాబట్టి తీరప్రాంతమంటేనే ప్రమాదమని నేననను. 2014లో హుద్‌హుద్ విశాఖ మీదుగా వెళ్లినప్పుడు చెట్లూ పైకప్పులూ పోయినంతగా మనుషులు పోలేదు. మీలో చాలామంది అప్పుడు ఇక్కడే ఉన్నారు, నాకన్నా మీకే బాగా తెలుసు.

దీనికి పూర్తిగా వ్యతిరేకం బస్తర్‌లో పిడుగు. అది తొలకరికి ముందు మధ్యాహ్నాల్లో వస్తుంది, అరగంట కూడా ఆగదు. పొలంలో ఉన్నవాళ్లు చెట్టు కిందికి పరుగెడతారు, అదే ప్రాణం తీస్తుంది. పుణెలోని వాతావరణ సంస్థ తయారుచేసిన ‘దామిని’ అనే యాప్ దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెబుతుంది. మా ఆవిడ స్కూలు పిల్లలందరి ఇళ్లలోనూ అది పెట్టించింది. మా ఇంట్లో ప్రకృతి వైపరీత్యాల విషయంలో పనికొచ్చే పని చేసింది ఆవిడొక్కర్తే.

వేసవి గురించి కూడా చెప్పాలి. వానాకాలంలో చిత్రకోట్ జలపాతం చూసినవాళ్లు ఇంద్రావతిలో నీళ్లు లేవంటే నమ్మరు. కానీ ఒడిశా సరిహద్దు దగ్గర ఆ నది నీళ్లు జోరా నాలాలోకి మళ్లి శబరి వైపు వెళ్లిపోతాయి. ఎండాకాలం జగదల్‌పూర్ దగ్గర ఇంద్రావతి ఇసుక తేలుతుంది. అందుకని ఇల్లు చూడ్డానికి వానల్లో ఒకసారి, మే నెలలో ఒకసారి వెళ్లాలి. మనం మాత్రం సంక్రాంతి సెలవుల్లో వెళ్లి చూసి కొంటాం.

నా వయసు వాళ్లకి ఇంకో లెక్క ఉంది, బయటపడే దారి. జగదల్‌పూర్ నుంచి విశాఖకి సుమారు 300 కిలోమీటర్లు. కొత్తవలస–కిరందుల్ రైలుమార్గం యాభైకి పైగా సొరంగాల్లోంచి వస్తుంది. ఆ ప్రయాణం ఎంత అందమో కొండచరియ జారితే అంత ఇబ్బంది. 2023 సెప్టెంబరులో కోరాపుట్ వైపు చరియలు విరిగిపడి రైళ్లు ఆగిపోయాయి. రాయపూర్ వెళ్లాలంటే కేశ్‌కాల్ ఘాట్ దిగాలి. డిమరాపాల్‌లో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది కాబట్టి మునుపటంత భయం లేదు. అయినా గుండె జబ్బు ముదిరినవాళ్లు అక్కడ స్థిరపడతానంటే నేను వద్దనే అంటాను. వాళ్లకి వరదకన్నా ఘాట్ రోడ్డే పెద్ద వైపరీత్యం.

బీమా సంగతి రెండు మాటల్లో. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ‘భారత్ గృహ రక్ష’ పాలసీ ఇస్తున్నాయి. వరద, భూకంపం, తుపాను, పిడుగు, కొండచరియలు అన్నీ అందులోకి వస్తాయి. స్థలం ధర అందులోకి రాదు, ఇల్లు తిరిగి కట్టడానికయ్యే ఖర్చుకే చేయించాలి. లోన్ తీరిపోగానే చాలామంది రెన్యువల్ మానేస్తారు. మన రిటైర్డ్ మిత్రుల్లోనే ఎంతమంది మానేశారో చేతులెత్తమంటే ఇక్కడ సగం చేతులు లేస్తాయి. అడగను లెండి.

చివరికి ఏం చేశామంటే, ఇంకా ఏమీ కొనలేదు. జగదల్‌పూర్‌లో ఆ ముగ్గులు పెట్టుకుంటున్న వీధిలోనే ఒక ఇల్లు ఏడాదికి అద్దెకి తీసుకున్నాం. ఒక వానాకాలం, ఒక వేసవి గడిపి చూస్తాం. దివిసీమ ఇల్లు అమ్మలేదు, దాని బీమా కట్టాను. అమ్మని అడిగితే, ‘నీళ్లొచ్చే ఊరూ వద్దు, నీళ్లు లేని ఊరూ వద్దు, మిగతాది మీ ఇష్టం’ అంది. అద్దె ఇల్లు చూపించడానికి తీసుకెళ్లాం. గుమ్మంలో అడుగుపెట్టి అటూ ఇటూ చూసింది. మెట్లు వంటింటి వెనక ఉన్నాయని అటెండరు చెయ్యి పెట్టి చూపించాడు. అప్పుడు కూర్చుని మంచినీళ్లు అడిగింది.

భోజనాలు సిద్ధమని మా ఆవిడ అక్కణ్ణించి సైగ చేస్తోంది. మీ స్థలం పత్రాలు ఎవరైనా తెచ్చుంటే భోజనాలయ్యాక చూద్దాం. నక్షాతోపాటు పోయిన వానాకాలం ఫొటో ఒకటుంటే ఇంకా మంచిది.