విద్యార్థుల చేత విజ్ఞాన సర్వస్వం

పాఠ్యాంశంలో భాగంగా విద్యార్థుల చేత ఇంగ్లీషు వికీపీడియాలో వ్యాసాలు రాయించేందుకు 2011లో పుణె కళాశాలల్లో ఒక ప్రయోగాత్మక కార్యక్రమం మొదలైంది. పుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి యథాతథంగా ఎత్తిరాసిన భాగాలు కుప్పలుగా చేరి, వాటిని ఏరివేయడం స్వచ్ఛంద సంపాదకులకు తలకు మించిన పని కావడంతో ఆ ఏడాదే అది నిలిచిపోయింది. కనుక ఇటువంటి ప్రయత్నాన్ని అంచనా కట్టేటప్పుడు చేర్చిన అక్షరాల లెక్క చాలదు. కొన్ని నెలల తర్వాత తొలగింపునకు గురికాకుండా మిగిలిన పాఠమెంత, ప్రతి విషయానికీ మూలం, అనగా ఆ సమాచారం ఎక్కడిదో చూపే ఆధారం, ఉన్నదా అన్నవే అసలు కొలతలు.

2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో కర్నూలు, కడప విద్యార్థులు బెలుం గుహల గురించి రాస్తున్నారనుకుంటే ఈ తేడా తేటపడుతుంది. పాత పుస్తకం చూసి దించినవారు ఆ గుహలు కర్నూలు జిల్లాలో ఉన్నాయనే రాస్తారు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఆ గుహలున్న కొలిమిగుండ్ల మండలం నంద్యాల జిల్లాలో చేరిందని గమనించినవారు పాత సంగతిని, నేటి సంగతిని వేరుచేసి, రెంటికీ మూలం చూపుతారు. మార్కులు పడవలసింది ఈ రెండో పనికే. కడపలో సి.పి. బ్రౌన్ పేరిట పెద్ద గ్రంథాలయమే ఉన్నందున మూలాలు వెతకడం అంత కష్టం కాదు గానీ, రాసినదాన్ని ఓపికగా దిద్దే అనుభవజ్ఞులు ఎందరున్నారో మాత్రం ముందే లెక్క చూసుకోవాలి. పుణెలో చాలకపోయింది వారే.